ఆఫ్‌రోడ్ బండికి డిఫరెన్షియల్ కవర్ మారుస్తున్నారా? ఇనుము మందం ఒక్కటే చూస్తే దెబ్బతింటారు.. సీల్ దగ్గరే అసలు కథ!

పెద్ద టైర్లు వేశారు. లిఫ్ట్ కిట్ పెట్టించారు. ముందు వించ్, పైన లైట్ బార్. బండి లుక్ అదిరిపోయింది. ఇప్పుడు ఒక్కసారి వంగి బండి కిందకి చూడండి. ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బిన ఓ గుండ్రటి భాగం కనిపిస్తుంది. అమెరికా ఆఫ్‌రోడర్లు దాన్ని పంప్‌కిన్ అనే పిలుస్తారు, అంటే అచ్చంగా గుమ్మడికాయే. దానికి ఓ పక్క పది పన్నెండు బోల్టులతో బిగించిన మూత ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చే చాలా బండ్లలో అది ప్రెస్ చేసిన పలుచటి రేకు. రాళ్ల దారిలోకి వెళ్లిన బండి తన చక్రాల మీద తిరిగొస్తుందా, లేక వేరే ట్రక్కు ఎక్కి వస్తుందా అన్నది చాలాసార్లు ఆ రేకు మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకే దీన్ని మార్చి, మందపాటి కవర్ వేసుకునేవాళ్లు చాలామంది. యూట్యూబ్‌లో, రీల్స్‌లో ఈ వీడియోలకు కొదవే లేదు. ఎర్రటి కవర్, నల్లటి బోల్టులు, నాలుగు కట్స్, పని అయిపోయింది! కానీ ఆ వీడియోల్లో ఎగిరిపోయే భాగంలోనే అసలు పని అంతా ఉంది. ఎలాంటి కవర్ కొనాలి, దాన్ని లీకు లేకుండా ఎలా బిగించాలి అన్నది ఇప్పుడు వివరంగా చూద్దాం. ఉదాహరణకి ఎక్కువగా అమెరికా జీప్ రాంగ్లర్‌ని తీసుకుందాం. ఎందుకంటే ఈ కవర్ల మార్కెట్ పెరిగిందే ఎక్కువగా అలాంటి బండ్ల చుట్టూ. అక్కడ రాంగ్లర్ నడిపే మన తెలుగువాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఇక్కడ థార్, జిమ్నీ, జిప్సీ ఉన్నవాళ్లు చూసుకోవాల్సిన తేడాలు కూడా కింద ఉన్నాయి.

లోపల ఏముంటుంది?

ఇంజిన్ నుంచి షాఫ్ట్ ద్వారా వచ్చే తిప్పుడుని పక్కకి మళ్లించి రెండు చక్రాలకి పంచేది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడాని సర్దేది కూడా ఇదే. లోపల చిన్న పినియన్, పెద్ద క్రౌన్ వీల్ ఉంటాయి. వీటి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగవు, గట్టి ఒత్తిడితో జారుతూ రాసుకుంటాయి. హైపాయిడ్ గేర్లు అనేది వీటినే. ఈ రాపిడిని తట్టుకోవాలంటే మధ్యలో ప్రత్యేకమైన గేర్ ఆయిల్ పొర ఉండాల్సిందే. జీఎల్-5 అని డబ్బా మీద రాసి ఉండేది అదే. గంధకం కలిసిన రసాయనాలు ఉంటాయి కాబట్టి ఘాటు వాసన వస్తుంది. చేతికి అంటితే రెండు రోజులైనా వదలదు, ఇది చేసినవాళ్లందరికీ అనుభవమే.

ఇరుసులో ఉండే ఆయిల్ ఎంతో తెలుసా? రాంగ్లర్‌లో వాడే డానా 44 లాంటి వెనక ఇరుసులో సుమారు 2 లీటర్లు. అంతే! ఇంజిన్‌కి ఉన్నట్టు దీనికి ఆయిల్ పంపు లేదు, డ్యాష్‌బోర్డు మీద ప్రెషర్ లైటు లేదు. క్రౌన్ వీల్ తిరుగుతూ అడుగున ఉన్న ఆయిల్‌ని ఎగజిమ్మితే అదే అన్ని బేరింగులకీ అందాలి. ఆ 2 లీటర్లు కారిపోతే బండి మీకు ఏ హెచ్చరికా ఇవ్వదు. కాసేపటికి కింద నుంచి ఊళ మొదలవుతుంది. అది వినిపించేసరికి పళ్ల పని దాదాపు అయిపోయినట్టే.

లిఫ్ట్ చేశాం కదా, ఇంకేం భయం?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. లిఫ్ట్ కిట్ బాడీని, ఛాసిస్‌ని పైకి లేపుతుంది. ఇరుసుని కాదు. సాలిడ్ యాక్సిల్ ఉన్న బండిలో ఇరుసు చక్రాల మధ్యే ఉంటుంది కాబట్టి, దాన్ని పైకి లేపేవి టైర్లు మాత్రమే. అది కూడా సగమే. 33 అంగుళాల టైరు తీసి 35 అంగుళాలది వేస్తే డిఫరెన్షియల్ కింద పెరిగే ఖాళీ 1 అంగుళం. మీరు ఎన్ని అంగుళాలు లిఫ్ట్ చేసినా బండిలో అన్నిటికన్నా ముందు రాయికి తగిలేవాటిలో ఆ గుమ్మడికాయ ఒకటి.

ఇంకో విషయం. రాంగ్లర్ ముందు ఇరుసులో పినియన్ వెనక్కి, అంటే గేర్‌బాక్స్ వైపు చూస్తుంది. మూత ముందుకి ఉంటుంది. కాబట్టి ముందుకి పోతుంటే రాయి నేరుగా మూతకే తగులుతుంది. వెనక ఇరుసులో మూత వెనక్కి ఉంటుంది. అది దెబ్బతినేది ఎక్కువగా రివర్స్ చేస్తున్నప్పుడు, లేదా ఎత్తైన రాతి మెట్టు దిగుతూ ఇరుసు వెనక భాగం దానికి కొట్టుకున్నప్పుడు. ఒక్క కవర్‌కే డబ్బులుంటే ముందుది మార్చడం తెలివైన పని. కానీ దుకాణంలో చాలామంది అడిగేది వెనకదే, ఎందుకంటే బండి వెనక నడిచేవాళ్లకి కనిపించేది అది!

రాయి తగిలితే రెండు రకాలుగా నష్టం. ఒకటి, రేకు లోపలికి సొట్టపడి తిరుగుతున్న క్రౌన్ వీల్‌కి తగలడం. అప్పుడు లోపలి నుంచే రేకు చీరుకుపోతుంది. రెండోది ఎక్కువగా జరిగేది, చూడ్డానికి చిన్నదిగా కనిపించేది. మూత అడుగు అంచు కింద రాయి పట్టుకుని, ఆ అంచుని పైకి ఒలిచేస్తుంది. కమలాపండు తొక్క లేచినట్టు. కాస్తంత సందు చాలు, అడుగునే ఉన్న ఆయిల్ మొత్తం కారిపోవడానికి.

ముందు మీ బండికి మూత ఉందో లేదో చూసుకోండి

ఇది వింతగా అనిపించొచ్చు గానీ, కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అన్ని ఇరుసులకీ విప్పే మూత ఉండదు. మారుతి జిప్సీ, జిమ్నీల ఇరుసుల్లో గేర్ల సెట్టు మొత్తం షాఫ్ట్ వైపు నుంచి ఒకే ముద్దగా ఊడి వస్తుంది. అటు పక్క ఉబ్బెత్తు భాగం హౌసింగ్‌తో కలిసిపోయి ఉంటుంది, విప్పడానికి బోల్టులే ఉండవు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్లలో చాలావాటిదీ అదే పద్ధతి. వీటికి వాడేది కవర్ కాదు, గార్డ్. హౌసింగ్ చుట్టూ క్లాంపులతో బిగించేదో, వెల్డింగ్ చేసేదో. వెల్డింగ్ అయితే జాగ్రత్త. ఒకే చోట ఎక్కువ వేడి పెడితే హౌసింగ్ వంకరపోతుంది. ముక్కలు ముక్కలుగా, చల్లారనిస్తూ చేసే మెకానిక్ దగ్గరికే వెళ్లండి. వెల్డింగ్‌కి ముందు బ్రేక్ క్లీనర్ కొట్టి కడగడం మాత్రం వద్దు. క్లోరిన్ ఉండే రకాలు ఆ వేడికి విషవాయువుగా మారతాయి.

మహీంద్రా థార్ సంగతికొస్తే, 2020లో వచ్చిన మోడల్‌లో వెనక సాలిడ్ యాక్సిలే. ముందు మాత్రం ఇండిపెండెంట్ సస్పెన్షన్. అంటే ముందు డిఫరెన్షియల్ చక్రాలతో పాటు కిందా మీదా ఆడదు, బండి అడుగుభాగానికే బిగించి ఉంటుంది. అక్కడ కాపాడేది కింద వేసే స్కిడ్ ప్లేటు.

రాంగ్లర్‌లోనూ అన్నీ ఒకటి కావు. టీజే తరంలో వెనక డానా 35 వచ్చిన బండ్లున్నాయి, డానా 44 వచ్చినవి ఉన్నాయి. రెండిటి కవర్లు వేరు. 2003లో వచ్చిన టీజే రూబికాన్‌కి ముందూ వెనకా డానా 44. జేకే తరం స్పోర్ట్, సహారాలకి ముందు డానా 30, వెనక డానా 44. ఇక జేఎల్ తరానికి వస్తే అక్కడా డానా 44 పేరే వాడుతున్నారు గానీ ఇరుసు కొత్త డిజైన్, జేకే కవర్ దానికి పట్టదు. పేరు చూసి ఆర్డర్ పెట్టి, బోల్టు రంధ్రాలు కలవక వెనక్కి పంపేవాళ్లు ఎందరో. మోడల్ సంవత్సరం, ట్రిమ్, ముందుదా వెనకదా అన్నీ సరిచూసుకోండి. వాటికన్నా నమ్మకమైనది ఇంకోటుంది. కిందకి దూరి బోల్టులు లెక్కపెట్టి, మూత ఆకారాన్ని ఫొటో తీసుకోండి.

ఏ కవర్ మంచిది?

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు. డక్టైల్ ఐరన్‌తో పోత పోసినవి, మందపాటి స్టీలు ప్లేట్లని కోసి వెల్డింగ్ చేసినవి, అల్యూమినియం పోతవి.

రాళ్ల దారికి మొదటి ఎంపిక పోత ఇనుము. అయితే అది మామూలు బీడు కాదు, నాడ్యులర్ లేదా డక్టైల్ అని స్పష్టంగా రాసి ఉండాలి. మామూలు బీడు దెబ్బకి పగులుతుంది. డక్టైల్ కాస్త సాగుతుంది. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ, అమెరికాలో డైనాట్రాక్ లాంటివి అమ్మేవి ఈ రకమే. గుండ్రంగా ఉంటాయి కాబట్టి రాయి మీద జారిపోతాయి. బరువు మాత్రం ఎక్కువ.

వెల్డింగ్ చేసిన స్టీలు కవర్లు చూడ్డానికి పలకలు పలకలుగా భలే గట్టిగా కనిపిస్తాయి. చాలావరకు గట్టివే కూడా. వీటితో సమస్య ఎక్కడంటే, వెల్డింగ్ వేడికి హౌసింగ్‌కి ఆనే అంచు వంకరపోయే అవకాశం ఉంది. మంచి తయారీదారులు వెల్డింగ్ తర్వాత ఆ అంచుని మళ్లీ మెషీన్ చేస్తారు. చవకవాళ్లు చెయ్యరు. కవర్ ఇంటికి రాగానే అంచు కింద పెట్టి ఒక స్టీలు స్కేలు ఆనించి చూడండి, లేదా మందపాటి అద్దం మీద బోర్లించండి. కదిలిందంటే వంకర ఉన్నట్టే, వెంటనే తిప్పి పంపండి. ఎంత సిలికాన్ పూసినా అది లీకవుతూనే ఉంటుంది.

అల్యూమినియం కవర్లు తేలిక, వేడిని త్వరగా వదులుతాయి. ట్రైలర్ లాగే పికప్ ట్రక్కులకి బాగుంటాయి. రాళ్ల మీద మాత్రం వద్దు. గీతలు పడతాయి, గట్టి దెబ్బకి పగలొచ్చు కూడా.

కవర్ లోపలి ఆకారం గురించి కూడా ఓ వాదన ఉంది. అమెరికాకి చెందిన ప్రముఖ ఇంజిన్ నిపుణుడు గేల్ బ్యాంక్స్ దీని మీద ఏకంగా వీడియో సిరీసే చేశారు. క్రౌన్ వీల్ ఎగజిమ్మిన ఆయిల్ కంపెనీ మూత వంపు వెంట సాఫీగా పారుతుందని, బల్లపరుపుగా ఉండే కవర్ వేస్తే అది గోడకి కొట్టుకుని చెల్లాచెదురై నురగ, వేడి పెరుగుతాయని ఆయన వాదన. ఆయన కంపెనీ కూడా కవర్లు అమ్ముతుంది, అది మనసులో పెట్టుకుని వినాలి. అయినా ఆ మాటలో తర్కం ఉంది, ముఖ్యంగా హైవే మీద గంటల తరబడి బరువు లాగే బండ్లకి. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో రాళ్లెక్కే బండికి ఆ వేడి గొడవ అంత పెద్దది కాదు. రెండు కవర్లలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే లోపల వంపు ఉన్నదే తీసుకోవడం మేలు.

ఇంకా చూడాల్సినవి రెండున్నాయి. బోల్టు తలలు కవర్‌లోపలికి మునిగి ఉండేలా గుంటలు ఉన్నాయా? లేకపోతే రాయి ఆ తలల్నే కొరికేస్తుంది, తర్వాత పానా పట్టదు. కవర్‌తో పాటు కొత్త బోల్టులు ఇస్తున్నారా? మందపాటి అంచుకి పాత పొట్టి బోల్టులు వేస్తే నాలుగు మరలే పట్టుకుంటాయి. బోల్టులు ఇవ్వని కవర్‌ని కొనకపోవడమే మంచిది.

వారంటీ పోతుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేసినంత మాత్రాన కంపెనీ వారంటీ మొత్తం రద్దు చెయ్యలేదు. చెడిపోడానికి ఆ పార్టే కారణమైతే మాత్రం వేరే సంగతి. మన దగ్గర అయితే సర్వీస్ సెంటర్‌ని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకుని పెట్టుకోండి.

విప్పేటప్పుడు చేసే అతి పెద్ద తప్పు

డ్రెయిన్ ప్లగ్ మీద, మూత మీద చెయ్యి వెయ్యకముందే ఆయిల్ నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఏళ్ల తరబడి తియ్యని ఆ ప్లగ్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఆయిల్ అంతా దింపేశాక అది ఊడకపోతే, ఇరుసులో చుక్క ఆయిల్ లేని బండి మీ వాకిట్లో నిలబడి ఉంటుంది. కొత్త కవర్‌కి సొంత ప్లగ్ ఉంటే పర్వాలేదు. లేకపోతే కథ కంచికే!

బండిని సమతలం మీద పెట్టి, జాక్ మీద వదిలెయ్యకుండా స్టాండ్ల మీద నిలపండి. కాస్త నడిపిన బండైతే ఆయిల్ గోరువెచ్చగా ఉండి త్వరగా కారుతుంది. అన్ని బోల్టులూ తీసెయ్యకండి. పైనున్న ఒక్కటి నాలుగు మరల మీద ఉంచి, రబ్బరు సుత్తితో అంచుని పక్క నుంచి తట్టండి. సీల్ వదిలాక ఆయిల్ కింద నుంచి తొట్టిలో పడుతుంది, మూత మీ ముఖం మీద పడదు. స్క్రూడ్రైవర్ దోపి ఎత్తితే హౌసింగ్ అంచు మీద గాట్లు పడతాయి. తర్వాత లీకు మొదలయ్యేది ఆ గాట్ల దగ్గరే.

తెరిచారు కదా, లోపల కూడా ఓసారి చూడండి. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ముక్కలు, పంటి విరుగుళ్లు ఉంటే కవర్ సంగతి పక్కనపెట్టి మెకానిక్‌ని పిలవండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు.

సీల్.. రీల్స్‌లో కట్ చేసేసే భాగం

సీల్ చెయ్యడానికి రెండు దారులున్నాయి. ట్యూబ్‌లో వచ్చే ఆర్‌టీవీ సిలికాన్ ఒకటి. మన షాపుల్లో అనాబాండ్ పెట్టు అంటారు చూడండి, ఆ జాతిదే. రెండోది లోపల స్టీలు రేకు, దాని మీద రబ్బరు గీత ఉండే మళ్లీ మళ్లీ వాడుకునే ప్యాకింగ్. లూబ్‌లాకర్ పేరుతో అమ్మేది ఈ రకమే. ఏది వాడినా ఒకటే వాడాలి. ప్యాకింగ్ మీద కూడా భద్రత కోసం సిలికాన్ పూస్తే అది జారుతుంది, సీల్ పాడవుతుంది.

ఏడాదికి రెండు మూడుసార్లు ఆయిల్ మార్చేవాళ్లకి, అంటే వాగులూ వంకలూ ఎక్కువగా దాటేవాళ్లకి ప్యాకింగ్ మంచిది. గోకే పని ఉండదు, ఆరే దాకా ఆగే పని ఉండదు. కానీ రెండు అంచులూ కచ్చితంగా చదునుగా ఉండాలి. పాత హౌసింగ్, కాస్త గాట్లున్న అంచు అయితే సిలికానే దిక్కు. ఆ గాట్లని నింపేది అదొక్కటే.

సిలికాన్ ఎంచుకునేటప్పుడు గేర్ ఆయిల్‌ని తట్టుకుంటుందని ట్యూబ్ మీద రాసి ఉందో లేదో చూడండి. బాత్రూమ్ సింకుకి పెట్టేది ఇక్కడ పనికిరాదు. ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడున్న సగం ట్యూబ్ కూడా వద్దు.

ఇక శుభ్రం చెయ్యడం. మొత్తం పనిలో సగం టైమ్ దీనికే పోవాలి. ముందు లోపలి గేర్ల మీద శుభ్రమైన గుడ్డ కప్పండి, గోకిన తుక్కు బేరింగుల్లో పడకుండా. పాత సిలికాన్‌ని ప్లాస్టిక్ గోకుడు బిళ్లతో తియ్యండి. డ్రిల్లుకి తగిలించే గరుకు డిస్కులు వాడితే పని చకచకా అవుతుంది గానీ, ఆ గరుకు పొడి లోపలికి పోయి బేరింగుల్ని తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో మిగిలిన పాత సిలికాన్, ఆయిల్ కూడా తుడవాలి. కొత్త కవర్ అంచు మీద పెయింటో పౌడర్ కోటింగో ఉందా? సిలికాన్ పెయింట్‌కి బాగానే అంటుకుంటుంది. తర్వాత ఆ పెయింటే ఇనుము నుంచి ఊడుతుంది, దాంతో సీలూ పోతుంది. ఆనే చోట లోహం కనిపించేదాకా పెయింట్ తీసెయ్యండి.

లీకు ఎక్కువగా వచ్చేది ఎక్కడో తెలుసా? అడుగున ఉన్న రెండు మూడు బోల్టుల దగ్గర. కారణం చాలా చిన్నది. ఆయిల్ దింపేశాక కూడా గేర్ల మీద నుంచి, ఇరుసు గొట్టాల్లో నుంచి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది. మీరు అంచుని అద్దంలా తుడిచి, వెనక్కి తిరిగి ట్యూబ్ మూత తీసేలోగా అడుగు అంచు మీద మళ్లీ జిడ్డు చేరుతుంది. కాబట్టి మూత తీశాక కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా అలా వదిలెయ్యండి. కవర్ పెట్టే ముందు ఆఖరి క్షణంలో అడుగు అంచుని బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో మళ్లీ ఒకసారి తుడవండి. తొందరగా ముగించాలనుకునే షాపుల్లో జరగనిది ఈ ఒక్కటే. వారానికి లీకుతో బండి తిరిగి వచ్చేదీ ఇందుకే.

సిలికాన్‌ని కవర్ అంచు మీద 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం గీతలా, ఎక్కడా తెగకుండా పెట్టండి. గీత బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నడవాలి, లేదా ప్రతి రంధ్రం చుట్టూ తిరిగి రావాలి. కేకు మీద క్రీమ్‌లా దట్టంగా పెడితే మేలనుకోవద్దు. బిగించినప్పుడు ఎక్కువైంది లోపలికి పొంగుతుంది, ఆరాక ఊడి ఆయిల్‌లో తిరుగుతుంది.

ఆర్‌టీవీ ఆరేది గాలిలోని తేమతో. అందుకే బయట పొర ముందు గట్టిపడుతుంది, లోపల ఆలస్యంగా. సుమారు 10 నిమిషాల్లో పైన తోలు కడుతుంది, ఆలోపే కవర్ పెట్టెయ్యాలి. ముందు బోల్టులన్నీ చేత్తో ఆనేదాకా తిప్పండి, గీత కాస్త చదునయ్యేదాకా చాలు. చాలా రకాలకి ఇలా ఓ గంట వదిలేసి, తర్వాత ఎదురెదురు బోల్టుల్ని వరసగా బిగించే పద్ధతి చెబుతారు. ట్యూబ్ మీద వేరేలా ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచ్ తప్పనిసరి. టీజే రాంగ్లర్ డానా ఇరుసులకి మాన్యువల్ చెప్పేది 30 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 41 న్యూటన్ మీటర్లు. పొడుగు పానా వేసి బలమంతా చూపిస్తే సిలికాన్ మొత్తం బయటికి వచ్చేసి, మధ్యలో ఏమీ మిగలదు. రేకు మూత అయితే బోల్టుల చుట్టూ సొట్టపడుతుంది కూడా.

ఆ తర్వాత? ఆగాలి. పూర్తిగా ఆరడానికి చాలా ట్యూబ్‌ల మీద 24 గంటలని ఉంటుంది. చలిగా, పొడిగా ఉండే కొలరాడో శీతాకాలంలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు, విశాఖ ఉక్కపోతలో త్వరగా కావొచ్చు. శనివారం పొద్దున మూత విప్పి, సాయంత్రం ట్రైల్‌కి బయల్దేరాలనుకుంటే ప్యాకింగ్ కొనుక్కోండి.

ఆయిల్ నింపేటప్పుడు కొత్త చిక్కు

కంపెనీ మూతలో ప్లగ్ రంధ్రం అంచు దాకా ఆయిల్ వస్తే నిండినట్టు లెక్క. కొత్త కవర్‌లో ఆ రంధ్రం పైకో కిందకో జరిగి ఉండొచ్చు. రంధ్రం పైన ఉంటే అంచు దాకా నింపడం అంటే అతిగా పొయ్యడం. ఆ ఎక్కువైన ఆయిల్ ఇరుసు గొట్టాల్లోంచి చక్రాల దాకా పోయి సీళ్లు దాటితే బ్రేకుల మీద పడుతుంది. కింద ఉంటే బేరింగులకి చాలదు. కవర్‌తో వచ్చిన కాగితంలో ఎంత పొయ్యాలో చూసి, మాన్యువల్‌లో మీ ఇరుసు కొలతతో పోల్చి, కొలిచి పొయ్యండి. గ్రేడు కూడా మాన్యువల్ చెప్పిందే, 75డబ్ల్యూ-90 అయినా 80డబ్ల్యూ-90 అయినా. లిమిటెడ్ స్లిప్ ఉన్న ఇరుసులకి ఫ్రిక్షన్ మాడిఫయర్ అవసరమేమో కూడా చూసుకోవాలి.

నింపక ముందే, చక్రాలు గాల్లో ఉండగా చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. లోపల ఎక్కడైనా రాసుకుంటున్న చప్పుడు వస్తే కవర్ గేర్‌కి తగులుతోంది. ముందు ఇరుసుకి స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పించి, ట్రాక్ బార్, టై రాడ్ కవర్‌కి తగలట్లేదని చూసుకోండి. సస్పెన్షన్ పూర్తిగా కిందకి నొక్కుకున్నప్పుడు ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది.

కవర్ బాగున్నా లీకు వస్తోందా?

అప్పుడు అనుమానించాల్సింది బ్రీదర్‌ని. ఇరుసు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బయటికి పోడానికి ఓ చిన్న గొట్టం ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే ఆ ఒత్తిడి పినియన్ సీల్ దగ్గరో కవర్ దగ్గరో ఆయిల్‌ని బయటికి నెడుతుంది. వానాకాలంలో దీని రెండో ముఖం కనిపిస్తుంది. వేడెక్కిన ఇరుసు చల్లటి వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. బ్రీదర్ మూసుకుని ఉంటే సీళ్ల సందుల్లోంచి, దాని మూతి నీళ్లలో మునిగి ఉంటే గొట్టంలోంచే నీళ్లు లోపలికి పోతాయి. గొట్టాన్ని పొడిగించి ఇంజిన్ గది పైభాగం దాకా తెచ్చుకోవడం చవకైన పని, కవర్ కన్నా ముందే చెయ్యాల్సిన పని. లోతు నీళ్లు దాటొచ్చాక ప్లగ్ తీసి ఆయిల్ రంగు చూసుకోండి.

కొత్తది బిగించాక మొదట ఓ 30, 40 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద నడిపి, అంచు చుట్టూ తెల్ల కాగితం రాసి చూడండి. అడుగు బోల్టుల దగ్గర జిడ్డు అంటకపోతే ట్రైల్‌కి వెళ్లొచ్చు. దింపిన పాత ఆయిల్‌ని కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇచ్చెయ్యండి. విప్పిన పాత మూత మీద అప్పుడే తూకానికి కన్నెయ్యకండి. దాన్ని శుభ్రం చేసి, ఒక సిలికాన్ ట్యూబ్, 2 లీటర్ల గేర్ ఆయిల్, పాత బోల్టులు, ఆయిల్ ఎక్కించే చేతి పంపుతో కలిపి డిక్కీలో పడెయ్యండి. అడవిలో మీ బండికో, వెనకొచ్చే మిత్రుడి బండికో మూత చీలితే రోడ్డు దాకా తెచ్చేది ఆ పాత రేకే.